మునేటి మెట్టలో ఇంటి చదువు, బడి చట్టం

కృష్ణా జిల్లా పాత నందిగామ తాలూకాలో, అంటే మునేరు, పాలేరు పారి కృష్ణలో కలిసే మెట్ట ప్రాంతంలో, పిల్లలు చదువుకోవాలంటే బడిలో పేరు నమోదై తీరాలన్న నియమం ఇటీవలిదే గాని పూర్వం నుంచి వచ్చింది కాదు. పిల్లలను బడికి పంపకుండా తల్లిదండ్రులే ఇంట్లో చదివించుకోవడాన్ని ఇప్పుడు హోమ్‌స్కూలింగ్ అంటున్నారు. అలా చదివించేవారు మండల విద్యాధికారికి సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితి ఎలా ఏర్పడిందో తెలియాలంటే, ఈ ప్రాంతంలో ఇల్లు, వీధి అరుగు, సర్కారు బడి ఒకదాని స్థానాన్ని మరొకటి ఎలా ఆక్రమించుకుంటూ వచ్చాయో రెండు వందల ఏళ్ళ వెనక నుంచి చూడవలసి ఉంటుంది.

వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టడంతో బేతవోలు జగ్గయ్యపేటగా మారి, వర్తకుల పట్టణంగా పెరిగింది. ఆయన కాలం ముగిసిన కొద్ది ఏళ్ళకే, 1822 జూన్ 25న, మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని కలెక్టర్లందరినీ తమ తమ జిల్లాలలో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని ఆదేశించాడు. వచ్చిన నివేదికలను కలిపి చూస్తే మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తంలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు తేలగా, వారిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. ఈ లెక్కలో ఇంటి చదువు ప్రసక్తి కూడా ఉండడం ఇక్కడ ముఖ్యమైన విషయం. మద్రాసు నగరంలో బడికి వెళ్ళేవారికంటే ఇళ్ళలో చదువుకునేవారు దాదాపు అయిదు రెట్లు ఉన్నారని, వారి సంఖ్య 26 వేలకు పైబడిందని అక్కడి కలెక్టరు రాశాడు. ఆ అంకెలో పొరపాటు ఉండవచ్చని మన్రో అనుమానించినప్పటికీ, 1826 మార్చి 10న రాసిన అభిప్రాయపత్రంలో, బడి వయసు మగపిల్లలలో చదువుకుంటున్నవారు నాలుగో వంతుగా కనిపిస్తున్నా, ఇంటి చదువును కలుపుకుంటే మూడో వంతుకు దగ్గరగా ఉంటారని అంగీకరించాడు. కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న గుంటూరు నుంచి వచ్చిన నివేదికలో కూడా, వేదాంతం, ధర్మశాస్త్రం, జ్యోతిషం వంటి పై చదువులను పండితులు రుసుము తీసుకోకుండా విడిగా శిష్యులకు చెబుతున్నారని ఉంది. ఆనాటి ప్రభుత్వం ఇంటి చదువును చదువుగానే లెక్కించిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇంటికీ సర్కారు బడికీ నడుమ ఉన్నది వీధి బడి. అయ్యవారి ఇంటి అరుగే తరగతి గది కాగా, ఇసుకలో అక్షరాలు దిద్దడంతో మొదలై, తాటాకు మీద గంటంతో రాయడం, ఎక్కాలు, శతకాలు, అమరకోశం వరకు అక్కడ సాగేవి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలను అనధ్యాయ దినాలుగా, అంటే పాఠం చెప్పకూడని రోజులుగా పాటించేవారు. దసరాకు పిల్లలు అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగితే, గృహస్థులు పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి సంభావన ఇచ్చేవారు. హాజరు విషయంలో ఈ బడులకు తమదైన శాసనం ఉండేది. తెలుగు, కన్నడ బడులు కలిసి ఉన్న బళ్ళారి జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక ప్రకారం, ఉదయం అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండవవాడి చేతిలో సున్న చుట్టేవారు, మూడవవాడి నుంచి ఒక్కొక్క దెబ్బ పెరుగుతూ పోయేది. బద్ధకస్తుణ్ణి చేతులు కట్టి ఇంటి కప్పుకు వేలాడదీసే శిక్ష కూడా ఉందని అతడు పేర్కొన్నాడు. తెలుగు పల్లెలలో కోదండం వేయడమని చెప్పుకునేది ఇదే. శిక్ష ఎంత క్రూరమైనదైనా అది అయ్యవారికీ పిల్లవాడి ఇంటికీ మధ్య వ్యవహారంగానే ఉండేది తప్ప, పిల్లవాడు రాలేదని తండ్రిని అడిగే అధికారి ఎవరూ లేరు.

అయితే ఆ అరుగును గురించి చెప్పేటప్పుడు దాని మీద ఎవరికి చోటు లేదో కూడా చెప్పకపోతే అది చరిత్ర అనిపించుకోదు. మాల మాదిగ పిల్లలు ఆ అరుగు ఎక్కే వీలు లేదు. వారి ఇళ్ళలో చదువు చెప్పగలిగినవారు లేకపోవడానికి కారణం కూడా తరతరాలుగా వారిని ఆ అరుగుకు దూరంగా ఉంచడమే. ఇంటి చదువు మంచిదా చెడ్డదా అన్న నేటి చర్చలో పాతకాలపు వైభవాన్ని తలచుకునేవారు తరచుగా మరిచిపోయే విషయం ఇది. ఇల్లు బడి కావాలంటే ముందు ఆ ఇంట్లోకి చదువు రానివ్వాలి. ఆ అవకాశం కొన్ని కులాల ఇళ్ళకే ఉండేది, ఆ ఇళ్ళలో సైతం మగపిల్లలదే మొదటి హక్కు.

ఈ రెండవ మాటకు నిదర్శనం ఇదే తాలూకాలో, మునేటి ఒడ్డున తిరుపతమ్మ క్షేత్రంగా పేరున్న పెనుగంచిప్రోలులో దొరుకుతుంది. అక్కడ 1874లో కొమర్రాజు వారి ఇంట పుట్టిన అచ్చమాంబ, చిన్న వయసులోనే భండారు మాధవరావుతో పెళ్ళయి మధ్యపరగణాలకు వెళ్ళింది. ఆమె ఏ బడి మెట్లూ ఎక్కలేదు. 1877లో అదే ఊళ్ళో పుట్టిన తమ్ముడు లక్ష్మణరావు ఆమె ఇంట ఉండి నాగపూరులో చదువుకుంటున్న కాలంలో, అతడి సహాయంతో, అతడి పుస్తకాలతో ఆమె తెలుగుతో పాటు హిందీ, మరాఠీ వంటి భాషలను కూడా నేర్చుకుంది. తమ్ముడు ఎం.ఏ. పట్టభద్రుడై, మునగాల సంస్థానానికి దివానై, విజ్ఞాన చంద్రికా మండలిని నడిపి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి ఆద్యుడయ్యాడు. అక్క 1901లో భారతదేశపు స్త్రీల చరిత్రలతో అబలా సచ్చరిత్ర రత్నమాలను ప్రచురించింది. 1902లో హిందూసుందరి పత్రికలో ధనత్రయోదశి కథను రాసింది. అదే కాలంలో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. తన బిడ్డలను పోగొట్టుకున్న తర్వాత అనాథ పిల్లలను తన ఇంట చేర్చుకొని చదువు చెప్పించింది. 1905లో, ముప్పై ఏళ్ళ ప్రాయంలో ఆమె మరణించింది.

అచ్చమాంబ జీవితం ఇంటి చదువు ఎంత ఎత్తుకు తీసుకుపోగలదో చూపుతుంది గనుక దానిని తలచుకోవడం న్యాయమే. కాని తమ్ముడు అక్క ఇంటికి రాకపోయి ఉంటే ఆ చదువు సాగేదా అన్న ప్రశ్న కూడా ఆ జీవితంలోనే ఉంది. ఆమె చదువు ఒక తమ్ముడి ఆదరం మీద, ఆమె సొంత పట్టుదల మీద ఆధారపడింది. ఆ పట్టుదల ఉండి ఆదరం దొరకని ఆడపిల్లలు ఆ తాలూకాలో ఎంతమందో ఏ రికార్డులోనూ ఉండరు. నిర్బంధ విద్య, అంటే వయసు వచ్చిన ప్రతి బిడ్డనూ బడిలో చేర్చి తీరాలని చట్టం ఆజ్ఞాపించడం, ఈ లోటు నుంచే పుట్టింది.

అటువంటి చట్టం కోసం 1911లో కేంద్ర శాసనమండలిలో గోపాలకృష్ణ గోఖలే ప్రవేశపెట్టిన బిల్లు మరుసటి ఏడు ఓడిపోయింది. మద్రాసు రాజధానిలో 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చి, జిల్లా విద్యామండలులను ఏర్పరచి, విద్యా పన్ను వేసుకోవడానికీ, ప్రభుత్వ అనుమతితో తమ పరిధిలో నిర్బంధ విద్యను ప్రవేశపెట్టడానికీ స్థానిక సంస్థలకు అధికారం ఇచ్చింది. అంతకు అరవై ఏళ్ళకు పైగా, ప్రభుత్వ గ్రాంటు కోరే వీధి బడులు తనిఖీకి లోబడి, హాజరు పట్టీ రాయడం అలవాటు చేసుకుంటూనే వచ్చాయి; ఇప్పుడు ఆ పట్టీకి చట్టబలం తోడయింది. బలం కాగితం మీద ఉన్నంతగా ఊళ్ళో లేకపోయింది. 1929లో హార్టాగ్ కమిటీ బ్రిటిషిండియా మొత్తానికి వేసిన లెక్కలో, 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి 100 మందిలో మూడేళ్ళ తర్వాత నాలుగో తరగతిలో మిగిలినవారు 18 మందే. బడి మానిన పిల్లవాడు ఇంట్లో చదువుకోవడానికి మానలేదు. పశువుల వెంట పోవడానికి, కూలికి, పసిబిడ్డను ఎత్తుకోవడానికి మానాడు. ఆ తర్వాతి చట్టాలన్నీ ఈ పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకొనే రాసినవి.

ప్రభుత్వమే పిల్లలను పూట బడి తర్వాత ఇంటికి పంపిన సందర్భం కూడా ఈ ప్రాంతపు చరిత్రలో ఒకటుంది. 1953 జూన్‌లో, కృష్ణా జిల్లా ఇంకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉండగా, ముఖ్యమంత్రి రాజగోపాలాచారి పల్లెల ప్రాథమిక పాఠశాలల్లో కొత్త పద్ధతి ప్రవేశపెట్టాడు. దాని ప్రకారం పిల్లలు రోజుకు మూడు గంటలు బడిలో ఉండి, మిగిలిన వేళ తండ్రి చేసే పనినో, ఊళ్ళోని మరొక పనివాని వృత్తినో నేర్చుకోవాలి. రెండు పూటలుగా బడి నడిపితే ఉన్న గదులలోనే రెట్టింపు పిల్లలకు చోటు దొరుకుతుందన్నది ప్రభుత్వ వాదన. చాకలి బిడ్డ చాకిరేవుకు, చెప్పులు కుట్టేవాని బిడ్డ ఆరె దగ్గరకు పోవాలన్నదే దీని అర్థమని, ఇది కులవృత్తుల విద్య అని వ్యతిరేకులు ధ్వజమెత్తారు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడగా, మద్రాసులో కామరాజు ముఖ్యమంత్రి అయిన తర్వాత 1954 మే నెలలో ఆ పథకం రద్దయింది. వ్యతిరేకుల వాదనే సరైనది. చదువున్న ఇంటికి పంపడం, చదువుకు దూరంగా ఉంచిన ఇంటికి పంపడం ఒకటే అనుకోవడంలో ఆ పథకం దెబ్బతిన్నది.

1960లో ఢిల్లీకి చేసిన ప్రాథమిక విద్యా చట్టం ఇతర రాష్ట్రాలకు నమూనా కాగా, ఆ వెంటే 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా చట్టం, దాని తర్వాత 1982లో రాష్ట్ర విద్యా చట్టం వచ్చాయి. ఆ నమూనాలో ఒక మంచి మాట ఉంది: దగ్గరలో బడి లేకపోవడం, అనారోగ్యం వంటి కారణాలతో పాటు, పిల్లవాడు అధికారి తృప్తిపడే మరొక పద్ధతిలో చదువుకుంటూ ఉండడం కూడా బడికి రాకపోవడానికి తగిన కారణమే. ఈలోగా నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు ఈ మెట్టకు అంది, పత్తి, మిరప సాగు పెరిగి, కోతల కాలంలో కూలీలు దూర ప్రాంతాల నుంచి పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకునే రోజులు వచ్చాయి. అధికారుల చూపు ఆ పిల్లల మీద ఉండడం సహజమే, అవసరమే.

సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, ఆంధ్రప్రదేశ్‌ కూడా కక్షిగా ఉన్న వివాదంలో, పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం ఆ తీర్పు బాటలోనే వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ చట్టంలో, పరిధిలోని ప్రతి బిడ్డ వివరాలు ఉంచి, చేరికనూ హాజరునూ చూడడం స్థానిక సంస్థ బాధ్యత. బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. ఆ విధి తప్పినవారికి శిక్ష మాత్రం చట్టంలో లేదు. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది కనుక, నాలుగు కుటుంబాలు కలిసి తమ పిల్లలకు ఒకచోట పాఠం చెప్పుకుంటే దానిని ఏమనాలన్న చిక్కు మిగిలింది. ఇంట్లో చదువుకుంటున్న ఒక బాలిక తరఫున ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడినప్పుడు, స్వచ్ఛందంగా ఇంటి చదువును ఎంచుకున్నవారు కొనసాగవచ్చని, చట్టం అందుకు అడ్డురాదని కేంద్రం 2012 జూలైలో ప్రమాణపత్రం దాఖలు చేసింది. ఆ మాట చట్టంలోకి గాని నియమాలలోకి గాని ఎక్కలేదు.

ఇతర దేశాలు ఈ ముడిని తలో విధంగా విప్పుకున్నాయి. ఇంగ్లండు 1944 చట్టం బిడ్డకు చదువు బడిలో గాని మరో విధంగా గాని అందాలని చెప్పి ఇంటికి తలుపు తెరిచి ఉంచగా, జర్మనీ ఆ తలుపును మూసివేసింది. 2006లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా జర్మనీ పక్షానే నిలిచింది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికా రాష్ట్రాలలో న్యూజెర్సీ చట్టం బడికి సమానమైన చదువు బయట దొరికితే ఒప్పుకుంటుంది, టెక్సాస్ 1994 నాటి రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇంటి చదువును ప్రైవేటు బడితో సమంగా చూస్తుంది.

ఆంధ్రప్రదేశ్ దండన మార్గాన్ని వదిలి ప్రోత్సాహపు బాట పట్టింది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం, బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలన్న షరతుతో తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది. పొలానికి పోయే బిడ్డను బడికి మళ్ళించడానికి జరిమానా కంటే ఇది మేలైన ఉపాయం. కాని ఇంట్లో శ్రద్ధగా చదువుకునే బిడ్డ, మిరప చేలో కూలికి పోయే బిడ్డ అధికారుల పట్టీలలో ఒకే వరుసలో, బడి బయటి పిల్లలుగానే కనిపిస్తారు. ఇంట్లో చదువుకునే బిడ్డకు పద్నాలుగేళ్ళు నిండాక సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి పరీక్ష రాసే దారి ఉంది. అంతకు ముందే బడిలో చేరదలచుకుంటే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను చెబుతున్నది. కూలికి పోయే బిడ్డకు అధికారి ఆ ఇంటి గడప తొక్కడం తప్ప వేరే దారి లేదు.

కనుక రాష్ట్ర ప్రభుత్వం విద్యాహక్కు నియమాలలో ఇంటి చదువుకు ప్రత్యేకంగా ఒక పద్దు చేర్చాలి. తల్లిదండ్రులు ముందుగా తెలియజేయడం, మండల విద్యాధికారి ఏడాదికొకసారి పత్రాలు కాక బిడ్డ చదువును చూడడం, చదువు సాగని చోట బడిలో చేర్పించడం అందులో ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన నందిగామలో గాని, జగ్గయ్యపేటలో గాని ఇందుకు కొత్త కార్యాలయం అక్కరలేదు. ఉన్న అధికారికి స్పష్టమైన ఉత్తర్వు ఒకటి చాలు.