ఇరుసు, కమాను, గాలితిత్తి

దశరథుని రథపు సీల ఊడితే కైకేయి తన వేలినే అడ్డుపెట్టిందని మన ఇళ్ళలో చెప్పుకొనే కథ వాల్మీకి రామాయణంలో కనిపించదు. కర్ణుని రథచక్రం నేలలో దిగబడినప్పుడు మాత్రం, సారథిగా శల్యుడు ఉండగానే, కర్ణుడు స్వయంగా దిగి చక్రానికి చేతులు వేశాడని మహాభారతం చెబుతుంది. బండి చెడినప్పుడు యజమాని దిగవలెనా, పనివానిని పిలువవలెనా అన్న ప్రశ్న అంత పాతది. ఖమ్మం నుండి భద్రాచలం దాకా సాగే మా అడవి దారిలో దీనికి ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానం చెప్పింది.

ఎడ్లబండికి కుదుపును ఆపే సాధనమంటూ లేదు. పరచిన ఎండుగడ్డే ఆధారం. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి కందెన చేసుకోవడం, ఇరుసుకు రాయడం, సీల మార్చడం రైతు పని. ఆకు విరిగినా, పూటీ వదులైనా వడ్రంగి రావాలి. ఇనుప పట్టా వేయడానికి కమ్మరి కూడా కావాలి. చక్రం కంటె కాస్త చిన్నదిగా చేసిన పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగగానే చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. ఇనుము ముడుచుకొని చక్రాన్నంతటినీ బిగిస్తుంది. ప్రతిఫలం రొక్కం కాదు. కళ్ళంలో కొలిచే ధాన్యం, అనగా మేర. కొత్త బండికి వేరే లెక్క; మరమ్మతులు మేరలోనివే. ఈ ఏర్పాటును స్వర్ణయుగమని పొగడే ఉద్దేశం నాకు లేదు. కొలత తగ్గితే కమ్మరి ఎవరితో చెప్పుకుంటాడు? అయితే ఒకటి గమనించదగినది. కొలిమి వద్ద రైతు ఊరికే నిలుచుండేవాడు కాడు. బొగ్గులు తెచ్చేవాడు, తిత్తి ఊదేవాడు, అవసరమైతే సమ్మెట పట్టేవాడు. పని కమ్మరిదే అయినా, అది జరిగే తీరు రైతు కంటి ఎదుటే ఉండేది.

నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పటికి భద్రాచలం నిజాం రాజ్యంలోనిది కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. 1959లో గాని అది ఖమ్మం జిల్లాలో చేరలేదు. గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమయ్యేదాకా ఆవలి ఒడ్డుకు పడవే దిక్కు. వంతెన వచ్చాక వెదురు లారీలు, కలప లారీలు దారి నిండా నడిచాయి. వాటితోబాటు కమాను కట్టలు వచ్చాయి.

ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కు పట్టీలే కమాను కట్ట. గుంతలో చక్రం పడితే పట్టీల వంపు సాగి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. పట్టీ విరిగితే కంటికి కనబడుతుంది. చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాటు మీద పట్టీ విరిగిన డ్రైవరు మెకానిక్ కోసం ఎదురు చూడడు. చెక్కముక్క దూర్చి, మోకుతో కట్టి, మెల్లగా బయటపడతాడు. పల్లానికి వచ్చాక కమాను పనివాడు పట్టీ మారుస్తాడు. విరిగిన ఉక్కు కమ్మరి కొలిమికి చేరి గొడ్డలి అవుతుంది, కొడవలి అవుతుంది. ఇంత నిక్కచ్చిగా వృథా లేని విద్య నేను మరొకటి చూడలేదు.

ఉక్కు స్థానంలో గాలిని నిలిపిన బస్సులు మన దేశానికి 2001లో వోల్వో కంపెనీతో వచ్చాయి. రబ్బరు తిత్తిలో కంప్రెసర్ గాలి నింపుతుంది. బరువెక్కితే ఒక వాల్వు మరికొంత గాలి వదిలి బండి ఎత్తును సమంగా ఉంచుతుంది. ఆంగ్లంలో కొలిమితిత్తికీ దీనికీ ఒకటే పేరు, బెలోస్.

మా బంధువుల అబ్బాయి కొన్న పాత విదేశీ కారులోనూ ఇవే తిత్తులు. మా ఊరికి వచ్చిన మరునాడు ఉదయం అది ఒక ముందుకాలు మడుచుకున్న ఎద్దులా ఒరిగి ఉంది. "తాతయ్యా, వీడియోలు చూసి నేనే చేసేస్తాను," అన్నాడు. సబ్బునీళ్ళు పోసి, బుడగలు వచ్చిన చోటు చూసి చిల్లు కనిపెట్టడం వరకు వాడే చేశాడు; అది ఎవరైనా చేయవచ్చు, వెంటనే చేయాలి కూడా. కారే గాలిని భర్తీ చేయడానికి ఆగకుండా తిరిగి కంప్రెసర్ కాలిపోతే ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆపైన పాల్వంచ మెకానిక్‌ను పిలిపించాను. గాలి పూర్తిగా దింపకుండా గొట్టం విప్పరాదు. ఒట్టి జాకీని నమ్మి, స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరరాదు. కొత్త తిత్తిలో గాలి నింపకముందే బరువు దింపితే రబ్బరు మడతపడి నలుగుతుంది. ఇవన్నీ మెకానిక్ వాడికి చూపిస్తూనే చేశాడు. కొలిమి వద్ద రైతు నిలిచినట్టే వాడూ నిలిచి పానాలు అందించాడు.

తిత్తి బిగిసింది, కారు లేచింది, కాని ముందున్న హెచ్చరిక దీపం ఆరలేదు. ఎత్తు కొలత కంప్యూటరుతో సరిచేయాలి. ఆ సాధనం కంపెనీ వారి వద్దనే ఉంది. విడిభాగాలను, ఇటువంటి సాధనాలను బయటి మెకానిక్‌లకు అందనీయడం లేదని భారత పోటీ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా విధించింది. కంపెనీలు పైకోర్టులకు, అప్పీళ్ళకు వెళ్ళాయి. నాకు ఇందులో కొట్టవచ్చినట్టు కనబడినది ఒక్కటే: స్వయంగా చేసుకొనేవాడు, చేసిపెట్టేవాడు అని మనం రెండు పక్షాలుగా అనుకొన్న ఇద్దరూ ఇప్పుడు ఒకే తలుపు బయట నిలబడి ఉన్నారు.

ఆ దీపం ఆర్పించడానికి అబ్బాయి సుమారు 300 కిలోమీటర్లు నడుపుకొని హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ పని జరిగే గదిలోకి వాడిని రానివ్వలేదట.