రెండు పెడళ్లు

పొద్దుగూకుతోంది. కోదాడ–హుజూర్‌నగర్ దారిలో, చిలుకూరు దగ్గర ఒక మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డారు మీరు. యాసంగి కోతల కాలం. సాగర్ ఎడమ కాలువ నీళ్లకు పండిన వరి, మిషన్ కోసింది కోసినట్టే పచ్చిగా మిర్యాలగూడ మిల్లులకు తరలిపోతోంది. కుప్పలో ఆగితే వడ్లు వేడెక్కి రంగు మారతాయి. అందుకే అందరికీ తొందర.

నిండు ట్రాలీతో ఒక ట్రాక్టర్ షెడ్డు ముందు ఆగబోయింది. రైతు బ్రేకు తొక్కాడు. ఇనుము ఇనుముతో రాసుకున్న చప్పుడు. స్టీరింగ్ తిన్నగానే పట్టుకున్నాడు, బండి ముక్కు మాత్రం కుడికి, రోడ్డు మధ్యకు తిరిగింది. ఎదురొస్తున్న సిమెంటు లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. మీ కళ్లలో దుమ్ము.

"ఎప్పట్నుంచి గుంజుతుంది మామా?"

"దమ్ము చేసిన కాన్నుంచి."

మెకానిక్ కిందికి వంగాడు. మీరూ వంగి చూడండి. కుడి కాలి దగ్గర పక్కపక్కనే రెండు బ్రేకు పెడళ్లు, ఒక్కోటి ఒక్కో వెనక చక్రానికి. మడి మూలన ఒకటే తొక్కితే ఆ చక్రం ఆగి, బండి ఉన్నచోటే తిరుగుతుంది. ఎంత వాటమైన ఏర్పాటో! కానీ ఈ మామ ఎప్పుడూ ఎడమకే తిప్పుతాడు. ఎడమ లైనింగ్ అరిగిపోయింది, కుడిది గట్టిగానే ఉంది. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ కలిపి కొక్కెం వేశాడు, అందులో తప్పులేదు. అయినా కుడి చక్రమే ముందు పట్టుకుంటోంది. మన రోడ్లమీద కుడి అంటే ఎదురొచ్చే బండ్ల వైపు. బ్రేకు అసలే పడకపోతే డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. ఇలా ఒకవైపే పడేదాన్ని 'కొంచెం గుంజుద్ది' అని నెలలకు నెలలు నడిపేస్తారు. నాకు భయమంతా ఈ రెండోదంటేనే.

ట్రాలీ విప్పించి, రెండువైపులా రాడ్లు బిగించాడు మెకానిక్. ఖాళీ జాగాలో కాస్త వేగం అందుకుని ఒక్కసారిగా తొక్కాడు. నేలమీద టైర్ల గీతలు చూడండి: కుడిది ఇంకా పొడుగు. మళ్లీ బిగింపు, మళ్లీ తొక్కుడు. మూడోసారికి గీతలు ఇంచుమించు సమానం.

ట్రాలీ సంగతి వేరు. దానికి సొంత బ్రేకు లేదు. ముందున్న ట్రాక్టర్ సుమారు రెండు టన్నులు, వెనక వడ్లే అయిదు టన్నులు. ట్రాక్టర్ ఆగినా ట్రాలీ వెనకనుంచి నెడుతూనే ఉంటుంది. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయినప్పుడు బ్రేకులమీదే ముందు అనుమానం పోయింది. పట్టేదానికి మించి జనాన్ని ఎక్కించుకుని ఆ బస్సు వాలు దిగుతోందన్నదీ అంతే ముఖ్యం.

"నలభైలో పోవచ్చా?" అడిగాడు మామ.

"ఇరవై దాటకు." ఇరవై నుంచి నలభైకి పోతే, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలు. "కోదాడ నుంచి లైనింగులు తెప్పిస్తా. రెండువైపులా మార్చాలి."

"కుడిది బాగానే ఉందంటివిగా!"

"ఒక్కటే మారిస్తే ఈసారి ఎడమకు గుంజుద్ది."

మామ లోడు వంక చూసి, ఖర్చెంతో అడిగి, మిల్లుకు ఫోను కలిపాడు. రేపు మధ్యాహ్నానికి వస్తానన్నాడు.