వెనక గోడ ఎక్కిన రాయి

పగడాల అక్వేరియంలో వెనక అద్దానికి రాళ్లు అతికి, అవి అరుగుల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటే, ఇదేదో కొత్త సరదా అనుకుంటాం. కానీ వెనక గోడకు రాయి తొడగాలన్న ఆలోచన ఇంటి అక్వేరియంతో పాటే పుట్టింది. అది అందం కోసం వచ్చింది కాదు, వెలుతురు తెచ్చిన చిక్కు లోంచి వచ్చింది.

లండన్‌లోని అపోథెకరీస్ హాల్లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్, 1850లో ఒక సంగతి ప్రకటించాడు. చేపలు, నీటి మొక్కలు, నత్తలు సరైన పాళ్లలో ఉంటే నీళ్లు మార్చకపోయినా బతుకుతాయన్నాడు. తర్వాత సముద్రపు జీవాల మీదికి మళ్లాడు. అన్ని పక్కలా గాజు ఉన్న తొట్టెలో వెలుతురు నలువైపుల నుంచీ దూరుతుంది, పాచి విజృంభిస్తుంది. సముద్రంలోనైతే వెలుతురు పైనుంచే దిగుతుంది. అందుకని ముందువైపు మాత్రమే గాజు ఉంచి, వెనక పలకరాయిని ఏటవాలుగా నిలిపి, దాని మీద రాళ్లు పేర్చే తొట్టెను రూపొందించాడు. వెనక గోడ అలా రాతి గట్టయింది.

ఆ తర్వాత ఒక శతాబ్దం పాటు ఉప్పునీటి తొట్టె ఇళ్లలో పెద్దగా నిలదొక్కుకోలేదు. ఇనుప చట్రాలను ఉప్పు తినేసేది. 1960లలో సిలికోన్‌తో అతికిన పూర్తి గాజు ట్యాంకులు వచ్చాక ఆ బెడద తీరింది. అప్పటికీ లోపల అలంకరణ అంటే తెల్లగా కడిగిన చచ్చిన పగడపు అస్థిపంజరాలే. పాచి పడితే తీసి, బ్లీచింగ్‌లో నానబెట్టి, మళ్లీ పెట్టేవారు.

జకార్తాలో అక్వేరియం ప్రియుడు లీ చిన్ ఎంగ్ వేరే దారి పట్టాడు. సముద్రపు నీరు, ఎండ, గాలి బుడగలు, పగడపు దిబ్బ నుంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్లు చాలని 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. ఆ రాళ్లనే ఇప్పుడు లైవ్ రాక్ అంటున్నాం. రాయి పైపొరల్లోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో ఉండే మరో రకం ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. అంటే అలంకరణ అనుకున్న రాయి నిజానికి ఫిల్టరన్నమాట.

1986లో అక్వేరియం రచయిత జార్జ్ స్మిట్ వ్యాసాలు అమెరికాకు మినీ రీఫ్‌ను, అంటే ఇంటి తొట్టెలోని చిన్న పగడపు దిబ్బను, పరిచయం చేశాయి. బెర్లిన్ అభిరుచిపరులేమో నీటిలోని మలినాలను నురగతో తీసేసే ప్రొటీన్ స్కిమ్మర్, లైవ్ రాక్ ఉంటే పని జరుగుతుందని చూపించారు. రాయే ఫిల్టరయ్యాక, రాయి ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్క బయల్దేరింది. అడుగు నుంచి నీటిమట్టం దాకా వెనక అద్దానికి ఆనించి కుప్ప పోశారు. పైమెట్టున పెట్టిన పగడాలకు దీపాల వెలుగు బాగా అందింది, పైపులూ దాగాయి.

చిక్కు ఆ కుప్ప వెనకే పెరిగింది. రాతికీ అద్దానికీ మధ్య నీరు కదలదు. తిండి తునకలు, చేపల విసర్జన అక్కడ మడ్డిగా పేరుకుని కుళ్లుతాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి, వెంట్రుకల్లాంటి పాచి మొలుస్తుంది. పైగా గోబీ చేపలు కింద ఇసుక తోడితే కుప్ప జారుతుంది. దాంతో చాలామంది రాళ్లను గోడకు దూరంగా జరిపి దీవుల్లా అమర్చడం మొదలెట్టారు. నీరు చుట్టూ తిరిగింది గానీ, పైభాగం బోసిపోయింది.

కింద కుప్ప లేకుండా పైన అరుగు కావాలంటే, రాయిని గోడ మోయాలి. దానికి జిగురు కావాలి. ఆ జిగుర్లేవీ అక్వేరియం కోసం పుట్టినవి కావు. కొడాక్‌లో హ్యారీ కూవర్‌కు 1942లో తారసపడిన సయనోఅక్రిలేట్, 1958లో బజారుకొచ్చింది, దాన్నే ఇప్పుడు సూపర్ గ్లూ అంటున్నాం. తేమ తగిలితేనే అది గట్టిపడుతుంది కాబట్టి నీళ్లలోనూ పట్టేస్తుంది. బరువైన రాతికి అదొక్కటే చాలదు. ప్లంబర్లు లీకులకు వాడే రెండు ముద్దల ఎపాక్సీని మధ్యలో పెట్టి, రెండు పక్కలా గ్లూ రాస్తారు. 1937లో జర్మనీలో ఒటో బేయర్ కనిపెట్టిన పాలీయురెథేన్, నురగ రూపంలో గోడ పనికొచ్చింది. ట్యాంకు పొడిగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ జాలీని సిలికోన్‌తో అద్దానికి అతికి, నురగ చిమ్మి, అది ఉబ్బుతుండగానే రాళ్లను అందులోకి ఒత్తుతారు. నురగకు తేలే గుణం ఉంది. అతుకు బలహీనమైతే నీళ్లు నింపగానే గోడంతా పైకి లేస్తుంది. కొందరు రాయికి బెజ్జం వేసి అక్రిలిక్ కడ్డీ దింపుతారు. ఇనుప మేకు మాత్రం పనికిరాదు, ఉప్పునీటిలో తుప్పు పడుతుంది.

మన దేశంలో ఈ కథ మరో మలుపు తిరుగుతుంది. 2001 నుంచి గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కాబట్టి హైదరాబాదులోనైనా విశాఖలోనైనా తీరంలో ఏరిన పగడపు రాయిని ట్యాంకులో పెట్టడం నేరం. సిమెంటుతో పోసిన కృత్రిమ రాయి ఒక దారి. దాన్ని వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. లేకపోతే సిమెంటులోని సున్నం నీటి పీహెచ్‌ను పెంచేస్తుంది. ఇందులో ఒక లాభం కూడా ఉంది. పోసిన రాయిని గోడ కొలతకే పోసుకోవచ్చు, అరుగుకు కావలసిన బెజ్జాలు ముందే వదలొచ్చు.

ఇన్నేళ్ల అనుభవంలోంచి తేలిన సూత్రం ఒక్కటే. రాయి గోడకు సందు లేకుండా అతుక్కోవాలి, లేదా వెనక నీరు ధారాళంగా పారేంత ఎడంగా నిలవాలి. ఊరికే ఆనుకుని ఉన్న రాయి వెనకే మడ్డి చేరుతుంది.