ట్యాంకులు పెంచేటప్పుడు వాడను అడగాలా?

విశాఖపట్నం మల్కాపురంలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో 1997 సెప్టెంబర్ 14 ఉదయం వంటగ్యాస్ లీకై అంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2006లో అదే తేదీన, కేంద్రం పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ ఇచ్చింది. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. అయితే ఇంధన ట్యాంకుల పక్కన బతికేవాళ్లు ప్రాజెక్టును చట్టబద్ధంగా ప్రశ్నించడానికి ఇప్పటికీ ప్రధాన ఆధారం ఆ నోటిఫికేషనే.

రిఫైనరీలో భాగం కాకుండా విడిగా ఉండే నిల్వ కేంద్రాలు దాని షెడ్యూలులో 6(బి) కిందికి వస్తాయి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోని పరిమాణం దాటితే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. సాధారణంగా వీటిని రాష్ట్ర స్థాయి నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. కమిటీ బి1 అంటే ఈఐఏ నివేదిక తప్పనిసరి. బి2 అంటే నివేదికా ఉండదు, ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు.

అసలు మెలిక విస్తరణ దగ్గరుంది. ఉన్న ప్రాంగణంలోనే ఇంకో రెండు ట్యాంకులు కడతామని కంపెనీ దరఖాస్తు పెడితే, ఈఐఏ కావాలా, జనాన్ని పిలవాలా అన్నది 7(2) పేరా కింద కమిటీ తేలుస్తుంది. కొత్తగా భూమి తీసుకోవడం లేదు కదా, కొత్త బాధితులెవరు అనే వాదన ఇక్కడే వినిపిస్తుంది. భూమి పెరగకపోవచ్చు. గోడ అవతల నిల్వ పెరిగితే గోడ ఇవతల ప్రమాదం పెరగదా?

సమీక్ష లేని విస్తరణ ఎక్కడికి దారితీస్తుందో విశాఖే మళ్లీ చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకుంది. 12 మంది మరణించారు. స్టైరీన్ ఇంధనం కాదు, ప్లాస్టిక్ ముడిసరుకు. కానీ అక్కడా లీకైంది నిల్వ ట్యాంకే. తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే, 2019 మేలో, కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది.

కాబట్టి కమిటీ కూర్చోకముందే రాతపూర్వకంగా అడగాలి. దరఖాస్తులు, మినిట్స్ కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి, అదీ ఇంగ్లిషులో. ప్రాజెక్టును బి1గా చూడమని, ప్రజాభిప్రాయ సేకరణ జరపమని, పాత ట్యాంకులు కొత్త ట్యాంకులు కలిపి ప్రమాద అంచనా వేయమని కోరాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్లకు ముందే తెలియజేయాలని 1989 నిబంధనలే చెబుతున్నాయి. ప్లాంటు బయటి అత్యవసర ప్రణాళిక కాపీని సమాచార హక్కు కింద అడగొచ్చు.

నివేదిక వస్తే మొదట చూడాల్సింది దూరాలు. రెవెన్యూ గ్రామం నుంచి కొలిస్తే, ఊరికి ఎడంగా పోరంబోకులోనో డి-పట్టా భూమిలోనో ఉన్న దళితవాడ లెక్కలోకే రాకపోవచ్చు. ట్యాంకులకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఆ వాడే కావచ్చు. వాడ నుంచి ట్యాంకుకు ఎన్ని మీటర్లు, మంటలొస్తే బయటపడే దారి ఎటు, ఆ దారి కంపెనీ గేటు ముందు నుంచేనా అన్నవి సభలో రికార్డు చేయించాలి. పట్టా లేదు, అద్దెకుంటున్నారు, మీకేం హక్కని ఎవరైనా అంటే నమ్మొద్దు. నోటిఫికేషన్ చెప్పేది ప్రభావితులయ్యే స్థానికుల గురించి, భూయజమానుల గురించి కాదు.

సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు, అంతా వీడియో తీస్తారు. చివర్లో నమోదైన అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. అది వినకుండా వెళ్లకూడదు. కోరం లేదు కనుక పది మందే వచ్చినా సభ జరిగినట్టే లెక్క.

అనుమతి వచ్చేస్తే అప్పీలు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌కు. గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 91వ రోజున తీసుకోరు.