రాకాసిగుళ్లు కట్టినవారెవరు?

గోదావరికి ఈవలి గట్టున, పినపాక మండలములోని జానంపేట పరిసరములందు, పెద్ద పెద్ద ఇసుకరాతి బండలతో కట్టిన పురాతన సమాధులు వందలకొలదిగా నున్నవి. నిలువు పలకలను గదివలె నిలిపి, వానిపై నొక మహాశిలను కప్పుగా మోపి, చుట్టును వలయముగా రాళ్లు పేర్చినారు. కొన్నిటిలో ఒకే బండను తొలిచి చేసిన తొట్టి కనబడును. మృతుని అస్థుల నుంచుటకై యది యేర్పడినది. ములుగు అడవులలో తాడ్వాయి వైపున దామెరవాయి గుట్టమీదను ఇట్టి కట్టడములే కలవు. జనులు వీనిని రాకాసిగుళ్లందురు.

ఈ పేరు పెట్టిన పామరుని పరిహసించుట సులభము. కాని యాతని తర్కమును చూడుడు. ఈ బండను నేనెత్తలేను. మా తండ్రి యెత్తలేడు. ఊరివారందరమును కూడినను ఎత్తగలమను నమ్మకము లేదు. కావున దీని నెత్తినవాడు మనుష్యుడు కాడు. భద్రాచల ప్రాంతమున రాకాసులకు కొదువయు లేదు. పర్ణశాల ఇచ్చటనే యున్నది. ఖరదూషణుల పదునాలుగువేల సేన ఈ నేలమీదనే కూలినదనియు, దుమ్ముగూడెము వారి బూడిదమీద వెలసిన గ్రామమనియు స్థలపురాణము. పురాణము పేర్లు సిద్ధముగా నుంచినది. రాళ్లు వానికొరకు వేచియున్నవి.

ఇంగ్లీషు చదివిన మనవారు చేసిన తర్కము ఇంతకంటె మిక్కిలి భిన్నమైనది కాదు. వారు రాక్షసులకు మారుగా సముద్రములో మునిగిన లెమూరియా ఖండవాసులను తెచ్చిరి. వారి వెనుకటి తరమువారు 1968లో వెలువడిన ఎరిక్ ఫాన్ డానికెన్ గ్రంథము చదివి గ్రహాంతరవాసులను దింపిరి. పేర్లు మారినవి. బండ నెత్తిన మనుష్యుడు మాత్రము ఏ కథలోను కానరాడు.

లెమూరియా పుట్టుక చిత్రమైనది. దానిని పుట్టించినవాడు యోగియు కాడు, కవియు కాడు. ఫిలిప్ స్క్లేటరను జంతుశాస్త్రజ్ఞుడు. మడగాస్కరు ద్వీపములో లెమూరులను చిన్న జంతువులు విస్తారముగా నున్నవి. వాని బంధువులు ఆఫ్రికాలోను, మన దేశములోను గలవు. మన అడవులలో రాత్రివేళ గుడ్లు మిటకరించుకొని కొమ్మలపై ప్రాకెడు దేవాంగపిల్లి యీ కుటుంబములోనిదే. నడుమ మహాసముద్రముండగా ఈ పిల్లికి మడగాస్కరులో చుట్టరిక మెట్లు కలిగెను? పూర్వమొక భూఖండ ముండి మునిగిపోయి యుండవలెనని స్క్లేటరు 1864లో వ్రాసి, దానికి లెమూరియా యని పేరిడెను. అప్పటికి భూఖండములు కదలునని యెవరికిని తెలియదు. కావున అది బుద్ధిమంతుడు చేయదగిన యూహయే.

తరువాత జర్మను పండితుడు హెకెల్ మానవజాతి యీ మునిగిన ఖండముమీదనే యుద్భవించెనని వ్రాసి, పటము గీసి, దానిపై స్వర్గమని గుర్తు పెట్టెను. ఎర్రజెండాకు పేరుగాంచిన మా ఇల్లందులో చాలమంది యెరుగని సంగతి యొకటి కలదు: వానరుడు నరుడగుటలో శ్రమ పాత్రను గూర్చి 1876లో ఏంగెల్సు వ్రాసిన వ్యాసములో సైతము, ఆ వానరులు బహుశః హిందూ మహాసముద్రములో మునిగిన ఖండముపై నివసించిరన్న మాట యున్నది. నాటి విజ్ఞానము ఎక్కడివరకు వచ్చెనో ఆయనయు నక్కడివరకే వచ్చెను.

1888లో బ్లవట్‌స్కీ అమ్మగారి ‘సీక్రెట్ డాక్ట్రిన్’ వెలువడిన పిదప లెమూరియా శాస్త్రజ్ఞుల చేతినుండి జారిపోయెను. అడయారులో 1882నుండి నెలకొన్న దివ్యజ్ఞానసమాజముద్వారా ఆ కథ తెలుగిండ్లకును చేరెను. ఆ సమాజమువారు మనకు చేసిన మేలు నేను మరువను. మదనపల్లె కళాశాల యొక్కటి చాలును. కాని వారి మూలజాతుల సిద్ధాంతములో నొక విషబీజమున్నది. లెమూరియనులు మహాకాయులట, 1904లో స్కాట్ ఎలియట్ వారికి పండ్రెండు మొదలు పదునైదడుగుల యెత్తు కొలిచి యిచ్చెను. ఆ జాతి క్షీణింపగా మిగిలిన తుక్కు ఆస్ట్రేలియా ఆదివాసులు మొదలగువారట! అనగా ఘనకార్యము చేసినవారు చచ్చిన రాక్షసులు. బ్రదికియున్న అడవివారు వారి పాడుబడిన శేషము. గొప్పతనము గతములో నొక కల్పితజాతికి, అల్పత్వము నేడు కనబడు మనుష్యునికి పంచిపెట్టు ఈ లెక్క నేటికిని మన పెద్దమనుష్యుల సంభాషణలలో వినబడుచునే యున్నది.

మా తరగతిలో కోయబాలుడొకడు జానంపేట ప్రస్తావన వచ్చినప్పుడు, “సార్, రాకాసులంటే మా తాతలేనా?” అని యడిగెను. తోడి బాలురు నవ్విరి. ప్రశ్న మాత్రము నవ్వదగినది కాదు. ఆ పేరు వానికి చెప్పిన అర్థమదియే.

స్క్లేటరు వ్యాసము ప్రకటింపబడిన పత్రిక ‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ సైన్స్’. ఆ పత్రిక మొదటి సంపుటములోనే, అదే 1864లో, ఐర్లండులోని గాల్వే కళాశాల ఆచార్యుడు విలియం కింగు వ్రాసిన వ్యాసమొకటి యున్నది. జర్మనీలోని నియాండర్ లోయలో దొరకిన పుర్రె మనవంటి మనుష్యునిది కాదనియు, వేరొక మానవజాతిదనియు వాదించి, ఆయన దానికి ‘హోమో నియాండర్తాలెన్సిస్’ అని నామకరణము చేసెను. అంతరించిన మానవజాతికి శాస్త్రీయముగా పేరు పెట్టుట అదియే ప్రథమము. అంతటితో నూరకొనక, ఆ పుర్రెలో మెదలిన తలపులు పశువు తలపులను మించియుండవని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు కొలబద్దగా ఆయన తెచ్చినది అండమాను వాసులను: మనుష్యులలో వారు కడపటి మెట్టు, వారికంటె తక్కువైనది మనుష్యుడే కాదని. గాల్వేలో కూర్చుండి అండమానువాని మనస్సును ఎట్లు తూచెనో యాయనకే తెలియవలెను.

ఈ ఆచార్యుని కుమారుని పేరును విలియం కింగే. ఆతడు భారత భూగర్భ పరిశోధనశాఖలో ఉద్యోగియై మన దేశమునకు వచ్చెను. తండ్రి నియాండర్ పుర్రెను గూర్చి యాలోచించుచున్న 1863లోనే, మే 30వ తేదీన, మద్రాసు సమీపమున పల్లవరములో ఆతని సహోద్యోగి రాబర్టు బ్రూస్ ఫూట్ ఆదిమానవుని రాతిపనిముట్టు నొకదానిని కనుగొనెను. ఆ సెప్టెంబరులో ఫూటును కింగును కలిసి అత్తిరంపాక్కములో అట్టి గొడ్డళ్లను గుట్టలుగా గుర్తించిరి. మన దేశములో మానవుని ప్రాచీనత రుజువైనది ఆ మాసములలోనే. ఇటీవలి పరిశోధనలవలన అత్తిరంపాక్కపు పనిముట్లలో మిక్కిలి పాతవి సుమారు 15 లక్షల యేండ్లనాటివని తేలినది.

ఈ కుమార కింగే 1871లో మా ఇల్లందు ప్రాంతమునకు వచ్చి బొగ్గు కనుగొనెను. భద్రాద్రికి పోవు యాత్రికులు పొయ్యిరాళ్లుగా పెట్టుకొన్న నల్లరాళ్లు తామే మండినవని ఇక్కడివారు చెప్పుకొందురు. ఆ కథ నిజమైన పక్షమున, బొగ్గును కనుగొన్నవారు వంట చేసికొన్నవారు, కింగు దానిని కాగితముమీద కెక్కించినవాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను, 1889లో త్రవ్వకము మొదలయ్యెను, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టెను. బొగ్గుపొర యొకదానికి నేటికిని కింగు సీమనియే పేరు. ఆ కింగే 1877లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో గోదావరితీరమున మంగపేట సమీపపు రాతిసమాధులను గూర్చియు వ్రాసెను. నియాండర్ మానవునికి పేరుపెట్టిన యింటి బిడ్డ మన బొగ్గును, మన రాకాసిగుళ్లను రెంటిని చూచినవాడనిన, మానవుని పుట్టుక కథకు ఇల్లందు ఎంత దగ్గరయో గ్రహింపవచ్చును.

ఇక ఆ బొగ్గు చెప్పు సంగతి వినుడు. అది సుమారు 25 మొదలు 30 కోట్ల యేండ్లనాటి చిత్తడి అడవులు పూడిపోయి మారినది. ఆ అడవులలో ప్రధానమైనది నాలుకవంటి ఆకులుగల గ్లోసాప్టెరిస్ అను వృక్షము. ఈ ఆకుల ముద్రలు మన బొగ్గునేలలందే కాక ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో దొరకుచున్నవి. 1912లో దక్షిణధ్రువమునుండి మరలివచ్చుచు మంచులో మరణించిన కెప్టెన్ స్కాటు బృందము, ఆకలితో కాళ్లు తడబడుచున్నను పారవేయక తెచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలోను ఈ ఆకు ముద్ర యున్నది. ఈ నేలలన్నియు ఒకప్పు డొక్కటియే. 1912లో వెజినర్ చెప్పి, ఆ శతాబ్దపు రెండవ సగములో ఎల్లరచే నంగీకరింపబడినట్లు, ఖండములు మునుగలేదు, విడిపోయి జరిగిపోయినవి. మన నేల మడగాస్కరునుండి విడివడి తొమ్మిది కోట్ల యేండ్లు కావచ్చినది. మనుష్యజాతి పుట్టుకకో, ముప్పది లక్షల యేండ్లయినను లేవు. మనవంటి మనుష్యులకు మూడులక్షలే. కావున ఆ పోయిన ఖండముపై మనుష్యుడు నడచిన దెన్నడును లేదు. స్క్లేటరు ప్రశ్న మంచిది. ఆతని ఖండము మాత్రము సముద్రము అడుగున లేదు, మా గనికార్మికుల బుట్టలలో నుండెను.

ఆ మహాఖండము పేరు గోండ్వానా. 1872లో మెడ్లికాటు మధ్యభారతపు శిలలకు గోండుల దేశము పేరు పెట్టెను. 1885లో స్యూస్ ఆ పేరును ఖండమంతటికి విస్తరించెను. గోండులును మన కోయలును ఒకే కుదురువారు. ఇరువురును తమ భాషలో తమ్ము కోయతూరనియే చెప్పుకొందురు. దక్షిణధ్రువపు మంచుక్రింది రాయికి సైతము ఈ అడవివారి పేరే నిలిచినది. వారికి చరిత్ర లేదని మనము పాఠములు వ్రాసికొంటిమి!

నియాండర్ పుర్రె సంగతియు తేలినది. 2010లో స్వాంటె పాబో బృందము ఆ యెముకలలోని వంశద్రవ్యమును చదివి, ఆఫ్రికా వెలుపలి జనులందరిలోను నూటికి ఒకటి మొదలు నాలుగు పాళ్లు నియాండర్ అంశ కలదని నిరూపించెను. అందుకు 2022లో నోబెలు బహుమతి వచ్చెను. గాల్వే ఆచార్యుని దేహములోను, అండమాను వాసిలోను, కోయబాలునిలోను, నాలోను ఆ “పశువు” నెత్తురు సమానముగనే యున్నది.

మరల రాళ్లకు వత్తము. ఈ ప్రాంతమున కాటాపురము, మల్లూరు మొదలైన చోట్ల సమాధుల నడుమ శిలువయాకారపు నిలువురాళ్లు కలవు. మల్హెరాన్ అను నతడు 1868లో వీనిని లోకమునకు తెలిపెను. 1872లో కట్టడముల పండితుడు ఫెర్గుసను వీనిని చూచి, చూచుట కాదు, చిత్రములు చూచి, ఇవి పూర్వకాలపు క్రైస్తవుల శిలువలని యూహించెను. కండ్లకు తెలిసినదే కదా కనబడును! వానిలో కొన్నింటికి స్తనములు చెక్కియున్నవి. అవి శిలువలు కావు, చేతులు చాచిన స్త్రీ పురుషుల ఆకృతులు. క్రీస్తు పుట్టుటకు పూర్వపు ఇనుపయుగపు జనులు తమవారిని రాతిలో నిలుపుకొనిరి.

దక్కనులో ఇట్టి సమాధులను శాస్త్రీయముగా త్రవ్వినచోట్ల దొరకునవి నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు, పూసలు. ఎముకలు మనవంటివారివే, ఒక్క పదునైదడుగుల తొడయెముకయు రాలేదు. రాక్షసునికి మన జానెడు కత్తిపిడి యేల? బండ నెత్తుట యెట్లందురా, నాగాకొండలలో ఇరువదవ శతాబ్దమున సైతము గ్రామస్థులు కూడి, కొయ్య దూలముల పీఠముపై మహాశిలల నుంచి, తీగెత్రాళ్లతో లాగి నిలిపిరి. మంత్రము లేదు, విమానము లేదు; వందమంది భుజములు, లాగినవారికి పెట్టుటకు తగినంత కూడు. ఈ చివరిదియే చరిత్రకారుడు ఆలోచింపవలసిన సంగతి. అంతమందికి అన్నము పెట్టగల పంట, పిలిచిన వచ్చెడి కట్టుబాటు, ఇనుము కరగించు నేర్పు మూడువేల యేండ్లకు సమీపమున ఈ గోదావరి గట్టున నుండెను.

ఆ జనులు కోయలేనా? అట్లని నేను చెప్పను. ఇన్ని తరములలో ఎవరు వచ్చిరో, ఎవరెవరిలో కలిసిరో. రుజువు లేని గౌరవమును ఒకరికి కట్టబెట్టుటయు లెమూరియా పనియే. కాని గోదావరికావల బస్తరు అడవులలో, కోయలకు దాయాదులైన మరియాలు చనిపోయినవారి పేర నిలువురాయి పాతుట చూచి వ్రాసినవారున్నారు. గ్రిగ్సను గ్రంథము 1938లో వెలువడెను. రాయి నాటు ఆచారము ఈ యడవిలో బ్రదికినవారిదే; ఆకాశమునుండి దిగినవారిది కాదు. కోయల చరిత్రను డోలీలు ఇలవేల్పుల పడిగెలమీది బొమ్మలు చూపుచు, గట్టు గట్టుకును వేరుగా గానము చేయుదురు. ఆ గానములలోని పేర్లను, ఊళ్లను, వాగులను పటముమీద గుర్తించి, సమాధులున్న చోట్లతో పోల్చి చూడవలసిన పని మిగిలియున్నది. పడిగెలు చినుగుచున్నవి, గాయకులు వృద్ధులగుచున్నారు.

రాళ్లును నిలిచియుండవు. తెలంగాణములో పలుచోట్ల పొలము చదును చేయుటకును, కంకర కొట్టుటకును ఇట్టి సమాధులు నశించినవి. రాక్షసులదైన దానిని పగులగొట్టుటకు ఎవనికిని చేయి వణకదు.

ఆ బాలునికి నేను చెప్పినది ఇది: అవి గుళ్లు కావు, సమాధులు, కట్టినవారు రాకాసులు కారు, కూలి నాలి చేసి, కుండలు చేసి, ఇనుము కరగించి, చచ్చినవారికై యేడ్చిన మనుష్యులు, మీ తాతలైనను కావచ్చును, మా తాతలైనను కావచ్చును. వాడు తరువాత నొక ప్రశ్న వేసెను: “మరి తొట్టి అంత చిన్నదేమి సార్?” తొట్టి లోపలి కొలత తీయుటకు టేపు తీసికొని వచ్చే నెల మేమందరము జానంపేట పోవుచున్నాము.