గబ్బిలంలోని పురుగు, సుబ్బారావు గారి మందు

గబ్బిలం ఒంట్లో ఉండే పురుగుకు చరిత్ర ఏముంటుంది, అది సైన్సు పాఠం కదా అని మీరు అడగవచ్చు. నేను చదివి తెలుసుకున్నంతలో దానికి పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రలో ఒక తెలుగువారు కూడా ఉన్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా సామల్పట్టి చుట్టుపక్కల మామిడి తోపులు, చింతచెట్లు ఉన్నాయి. మామిడి పండే కాలంలో రాత్రిపూట గబ్బిలాలు వస్తాయి. వాటి ఒంట్లోనూ మన ఒంట్లోలాగే పురుగులు ఉంటాయి. కొన్ని నూలుపోగులాగా గుండ్రంగా, కొన్ని నాడాలాగా పొడవుగా, కొన్ని ఆకులాగా చదునుగా ఉంటాయి. అన్నీ పురుగులే అని వదిలేస్తే పని జరగదు. ఏది ఏ పురుగో తెలుసుకోవాలంటే సూక్ష్మదర్శిని కింద పెట్టి పొడవు కొలవాలి, నోటి ఆకారం చూడాలి, మగ పురుగు తోక ఎలా ఉందో గమనించాలి. రక్తంలో తిరిగే పిల్ల పురుగులనైతే గాజుపలక మీద రక్తం రాసి, రంగు వేసి చూస్తారు. ఈ కాలంలో డీఎన్ఏ పరీక్ష కూడా చేస్తున్నారు.

ఈ నూలుపోగు పురుగుల్లో ఫైలేరియా అనేది ఒక గుంపు. మనుషులకు బోదకాలు తెచ్చేది ఈ గుంపులోని పురుగే. తమిళంలో దాన్ని యానైక్కాల్ నోయ్ అంటారు. 1872లో కలకత్తాలో తిమొతీ లూయిస్ అనే వైద్యుడు మనిషి రక్తంలో దీని పిల్ల పురుగులను చూశారు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పెద్ద పురుగును కనిపెట్టారు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ ఆ పిల్ల పురుగులు దోమ ఒంట్లో పెరుగుతాయని చూపించారు. జబ్బు ఎలా వస్తుందో తెలిసింది గానీ, సరైన మందు మాత్రం ఇంకా దొరకలేదు.

మా అవ్వ చెబుతుంది: “ఆ కాలంలో కాలు వాచినోళ్ళను చూస్తే పాపం చేసినారు అనేవాళ్ళు నాయనా. పెళ్ళికి పిలిచేవాళ్ళు కాదు.” పురుగు చేసిన పనికి మనిషి సిగ్గుపడాల్సి వచ్చింది.

ఇక మందు సంగతికి వస్తాను. మందును ముందుగా మనుషుల మీద పరీక్షించలేరు కదా! అమెరికాలో పత్తి ఎలుక అనే ఒక అడవి ఎలుక ఉంది. దాని రొమ్ములో లిటొమొసాయిడిస్ అనే ఫైలేరియా పురుగు ఉంటుంది. కంటికి ఆనీ ఆనని నల్లి జాతి పురుగు దాన్ని ఒక ఎలుక నుండి మరో ఎలుకకు చేరుస్తుంది. ఈ లిటొమొసాయిడిస్ దాయాదులు చాలా ఉన్నాయి. అమెరికా ఖండంలోని వేడి దేశాల గబ్బిలాల్లో కూడా అవి నివసిస్తాయి. అంటే గబ్బిలం పురుగూ, ఎలుక పురుగూ ఒకే ఇంటిపేరు గలవి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. 1940 నుండి లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు. అక్కడ ఆయన, ఆయన తోటివారు ఎన్నో రసాయనాలను ఈ పత్తి ఎలుకల మీద, గుండెపురుగు ఉన్న కుక్కల మీద పరీక్షించారు. 1947లో పనిచేసే మందు దొరికింది. దాని పేరు హెట్రజాన్. డాక్టర్లు దాన్ని డీఈసీ అంటారు. మరుసటి ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ ఎలుక పురుగును అప్పట్లో ‘కారినియై’ అని పిలిచేవారు. నిజానికి ఆ పేరు 1919లో బ్రెజిల్‌లో ట్రావాసోస్ అనే శాస్త్రవేత్త ఉడతలో కనిపించిన పురుగుకు పెట్టినది. పత్తి ఎలుక పురుగు వేరు. దానికి 1931లోనే చాండ్లర్ ‘సిగ్మొడాంటిస్’ అని పేరు పెట్టారు. చాలా ఏళ్ళ తర్వాత ఫ్రాన్సు శాస్త్రవేత్తలు రెండింటినీ పక్కపక్కన పోల్చి చూసి ఈ తికమకను విడదీశారు. పేరు తప్పయినా మందు పనిచేసింది, నిజమే. కానీ ఏ పురుగు మీద ఏం పరీక్షించామో తెలియకపోతే, తర్వాత వచ్చేవాళ్ళు ఆ పనిని సరిగ్గా కొనసాగించలేరు.

మన దేశంలో 1955లో ఫైలేరియా నివారణ పథకం మొదలైంది. 2004 నుండి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి అందరికీ డీఈసీ మాత్రలు పంచుతూ వచ్చారు. ఈ మాత్ర రక్తంలోని పిల్ల పురుగులను తగ్గిస్తుంది. అప్పుడు దోమ కుట్టినా ఇంకొకరికి జబ్బు అంటదు. అప్పటికే బాగా ఏనుగుకాలులా అయిపోయిన కాలిని మాత్రం అది మామూలుగా చెయ్యలేదు. కాబట్టి ముందుగానే మింగాలి. “నాకేం జబ్బు లేదు కదా” అని మాత్రను పారెయ్యకూడదు.

గబ్బిలాన్ని చూస్తే కొందరు రాయి విసురుతారు. అది పూలకు పరాగం మోస్తుంది, ఇప్పచెట్టు విత్తనాలను దూరం చేరుస్తుంది, చిన్న గబ్బిలాలైతే దోమలను కూడా తింటాయి. దాన్ని ముట్టుకోకుండా, తరమకుండా దాని దారిన వదిలేస్తే చాలు. దాని ఒంట్లోని పురుగును ఓపికగా కొలిచి, సరైన పేరు రాసిపెట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి. వాళ్ళ పని ఇవాళ ఎవరికీ పట్టనట్టు కనబడవచ్చు. అలాంటి పని మీద నిలబడే మన సుబ్బారావు గారు కోట్లమంది మింగే మాత్రను ఇచ్చారు.