తుప్పు వదిలిన ఉయ్యాల గొలుసులు



ఈమధ్య ఇల్లు మారేటప్పుడు మా అత్తగారి ఉయ్యాలబల్ల గొలుసులు అటక మీంచి దిగాయి. నిలువెల్లా తుప్పు! "పాత సామాన్లవాడికి వేసేస్తే ఓ స్టీలు బేసినైనా వస్తుంది గదండీ" అన్నాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఒక లంకెను చేత్తో తడిమి, లోపలికి వెళ్ళిపోయారు. నలుగురు పిల్లల్ని ఆ ఉయ్యాల మీదే జోకొట్టారావిడ. నా నోటి తొందరకు నాకే సిగ్గేసింది.

కరిగించి అచ్చులో పోసింది పోత ఇనుము. కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగగొట్టింది చేత ఇనుము. పూర్వం ఖనిజాన్నీ బొగ్గునూ మట్టికొలిమిలో కాలిస్తే ఇనుప ముద్ద వచ్చేది. దాన్ని బాదితే చిట్టెం చాలావరకు పోయి, మిగిలింది నారపోగుల్లా ఇనుములో ఉండిపోయేది. ఢిల్లీలో కుతుబ్‌మీనారు పక్కనున్న ఇనుప స్తంభం ఇలాంటిదే. ఏడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు. గుప్తుల కాలంనుంచి, సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉంది. ఇందులో మంత్రమేమీ లేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన పల్చని పొర ఏర్పడి కాపాడుతోందని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు.

మనవాళ్ళు మాత్రం తక్కువా? నిజామాబాదు జిల్లా కోనసముద్రం కమ్మరులు మట్టి మూసల్లో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పని చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. 1856లో ఇంగ్లండులో బెస్సెమర్ చౌకగా ఉక్కు తీసే పద్ధతి ప్రకటించాడు. ఆ తర్వాత చేత ఇనుము క్రమంగా వెనకబడింది. ఇవాళ ఆ పేరుతో అమ్మే కిటికీ గ్రిల్లులు చాలావరకు మైల్డ్ స్టీలే.

ఇక మన పని. గాలీ తడీ కలిస్తేనే తుప్పు. చింతపండు పులుసుకు దాన్ని కరిగించే గుణముంది. గొలుసుల్ని చిక్కటి చింతపండు నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, ఇటుకపొడి, కొబ్బరిపీచుతో తోమాను. మొండి మరకలకు గరుకు కాగితం వాడాను. మంచినీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి, ఎండబెట్టి, నూనె రాశాను. పులుపు మిగిలినా, తడి మిగిలినా మర్నాటికి మళ్ళీ తుప్పే! బాత్‌రూము కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోకండి. అది ఇనుమునూ తింటుంది, ఆ పొగ మనకూ చేటు. కిటికీ గ్రిల్లుకైతే తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, ఆపైన రంగు వేయాలి.

ఒక్క జాగ్రత్త. తుప్పు తినేసిన లంకె పైకి మెరిసినా లోపల సన్నబడి ఉంటుంది. నేను కమ్మరికి చూపించాకే వేలాడదీయించాను. రెండు లంకెలు మార్చాడు.

నిన్న మధ్యాహ్నం వంటింట్లో ఉంటే కిర్రుమని చప్పుడు. తొంగిచూస్తే అత్తగారు ఉయ్యాల మీద కూర్చుని ఉన్నారు. "నూనె చాల్లేదే అమ్మాయ్" అన్నారు నవ్వుతూ.